ఇటలీలో రైలు ఆగిన చోట

ఇటలీ అనగానే ఎవరికైనా కొలోసియం, పీసా వాలు గోపురం, వెనిస్ పడవలు గుర్తొస్తాయి. వాటిని నేనూ చూశాను, తనివితీరా చూశాను. కానీ ఈరోజు మీకు చెప్పదలచుకున్నది రైళ్ళ గురించి, రైల్వే స్టేషన్ల గురించి. ఇటలీ అంతా నేను రైళ్ళలోనే తిరిగాను. ఆ రైళ్ళు కొన్ని ఆలస్యమయ్యాయి, కొన్ని రద్దయ్యాయి, ఒకటి సగం దారిలోనే ఆగిపోయింది. అలా ఆగినప్పుడల్లా నేను చూడాలనుకోని ఊళ్ళో, చూడాలనుకోని స్టేషన్లో దిగాల్సి వచ్చింది. ఆ దేశం తన దుఃఖాన్నీ పౌరుషాన్నీ ఎక్కువగా స్టేషన్లలోనే దాచుకుందని నాకు అలా తెలిసింది.

ఒక్కదాన్నే వెళ్తున్నానంటే ఇంట్లో అందరూ భయపడ్డారు. భాష రాదు, తెలిసినవాళ్ళు లేరు, జేబుదొంగలు ఎక్కువట అన్నారు. ఆ భయాలు ఉత్తవి కావు. రోమ్ మెట్రోలోనూ నేపుల్స్ స్టేషన్లోనూ సంచీ ముందుకు తగిలించుకునే తిరిగాను. అయితే ఒంటరి ప్రయాణంలో ఒక స్వేచ్ఛ ఉంది. రైలు రద్దయితే ఎవరినీ ఓదార్చనక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. ఉన్నచోట ఏముందో చూసుకుంటూ పోవచ్చు.

ఇటలీ ఒకే రాజ్యంగా ఏర్పడింది 1861లో. అక్కడ మొదటి రైలు నడిచింది 1839 అక్టోబర్ 3న. అంటే దేశం కంటే రైలు ఇరవై రెండేళ్ళు పెద్దది. నేపుల్స్ నుంచి పోర్తిచి దాకా, వెసూవియస్ అగ్నిపర్వతం పాదాల వెంట, ఏడెనిమిది కిలోమీటర్ల లైను అది. అప్పటికి ఆ ద్వీపకల్పం ముక్కలు ముక్కలు రాజ్యాలుగా ఉండేది. ఇప్పుడు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడిచే రైళ్ళున్నాయి. రోమ్‌లో ఫలహారం చేసి బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి మిలాన్ చేరొచ్చు.

రోమ్‌లో పెద్ద స్టేషన్ పేరు తెర్మిని. ఆ పక్కనే ఉన్న డయోక్లీషన్ చక్రవర్తి స్నానశాలల వల్ల ఆ పేరొచ్చింది. స్టేషన్ గుమ్మం ముందే పెద్ద పెద్ద రాతి దిమ్మెలతో కట్టిన గోడ ఒకటి నిలబడి ఉంటుంది. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో కట్టిన రోమ్ నగరపు కోట గోడ అది. పక్కనే టాక్సీల వరస. పెట్టెలు ఈడ్చుకుంటూ వేలమంది దాన్ని చూడకుండానే వెళ్ళిపోతుంటారు.

ఒకరోజు పొద్దున్నే ఓర్వియెతో అనే కొండ మీది ఊరికి వెళ్దామని తెర్మినికి వచ్చాను. బోర్డు మీద నా రైలుకు ఎదురుగా సొప్రెస్సో అని వెలుగుతోంది. రద్దయిందన్నమాట. బయట జోరున వాన. గొడుగు వేసుకుని పాంథియాన్‌కు నడిచాను. ఎండలో ఒకసారి చూసిందే. వానలో చూస్తే అది పూర్తిగా వేరే కట్టడం.

హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, రెండో శతాబ్దంలో కట్టిన గుడి అది. దాని గుమ్మటం అడ్డుకొలత 43 మీటర్ల పైచిలుకు. నేల నుంచి పైకప్పు ఎత్తూ అంతే. లోపల ఇనుము లేదు, ఒట్టి కాంక్రీటే. ఇనుప ఊచలు లేని కాంక్రీటు గుమ్మటాల్లో ప్రపంచంలో నేటికీ అదే పెద్దది. అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపి, పైకి వెళ్ళేకొద్దీ తేలికైన రాయి వాడి కట్టారు. చిట్టచివర తేలికైన ప్యూమిస్ రాయి. నడినెత్తిన దాదాపు తొమ్మిది మీటర్ల వెడల్పున గుండ్రటి రంధ్రం. దానికి అద్దం లేదు, మూత లేదు. ఆ రంధ్రంలోంచి వాన నిలువుగా, ఒక స్తంభంలా నేల మీద పడుతోంది. నేల మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. పాలరాతిలో చిన్న చిన్న చిల్లులుంటాయి. నీళ్ళు పక్కలకు జారి ఆ చిల్లుల్లోకి పోతాయి. దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ళుగా పోతూనే ఉన్నాయి. తాడు కట్టి మమ్మల్ని దూరంగా నిలబెట్టారు. అక్కడున్న వందలమందిలో గొంతెత్తి మాట్లాడినవారు లేరు. చిత్రకారుడు రఫాయెల్ సమాధి ఓ పక్కన ఉంది. ఆ పొద్దున ఓర్వియెతో రైలు నడిచి ఉంటే ఇది నేను చూసేదాన్ని కాదు.

నేపుల్స్ నుంచి పాంపేయికి వెళ్ళేది ఒక సన్నగేజీ లోకల్ రైలు. వెసూవియస్ చుట్టూ ఊళ్ళను కలుపుతూ పోతుంది. ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది. అందులో వేలాడుతూ పోతుండగా తొర్రె అనున్‌జియాతా అనే స్టేషన్లో రైలు ఆగింది. ఏదో ప్రకటన వినిపించింది. స్థానికులు గొణుక్కుంటూ దిగిపోవడం మొదలుపెట్టారు. రైలు అక్కడితో ఆఖరు, తర్వాతిది ఎప్పుడో తెలియదు. ఆ స్టేషన్ దగ్గర లైను రెండుగా చీలుతుంది. ఒకటి సొరెంతో వైపు, ఇంకొకటి పొజ్జోమరీనో వైపు. పాంపేయి పేరుతో రెండు లైన్లలోనూ స్టేషన్లున్నాయి. శిథిలాల గుమ్మం ఎదుట దిగాలంటే సొరెంతో లైనులో విల్లా దెయి మిస్తేరి దగ్గర దిగాలి.

ప్లాట్‌ఫారం మీద నిమ్మకాయల సంచీతో ఒక పెద్దావిడ ఉంది. నన్ను చూసి, "సిన్యోరా, పొంపేయి?" అంది. తలూపాను. ఆవిడ చెయ్యి అడ్డంగా ఆడించి, రైలు లేదని సైగ చేసి, నా మణికట్టు పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది. ఐదారు నిమిషాలు నడిచాక, అపార్ట్‌మెంట్ల మధ్యలో, వీధి మట్టానికి పది మీటర్ల కిందుగా ఒక పెద్ద గొయ్యి. అందులో ఒక రాజభవనం. ఆవిడ దాన్ని వేలుపెట్టి చూపించి, నా చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టి, తన దారిన తాను వెళ్ళిపోయింది.

అది ఒప్లొంతిస్. నీరో చక్రవర్తి రెండో భార్య పొప్పేయాదని చెప్పుకునే విల్లా. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు పాంపేయితో పాటే పూడిపోయింది. పాంపేయి, హెర్క్యులేనియంలతో కలిపి 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అయినా అక్కడికి వెళ్ళేవాళ్ళు తక్కువ. నేను వెళ్ళినప్పుడు గదుల్లో నా అడుగుల చప్పుడు నాకే వినిపించింది. గోడల మీద నెమలి, అత్తిపళ్ళ బుట్ట, నాటకాల ముఖతొడుగులు, వరసగా స్తంభాలు. గోడ చదునైనదే, కానీ గది అవతల ఇంకో ప్రాంగణం ఉందనిపించేలా గీశారు. ఆ ఎరుపు, ఆ పసుపు బూడిద కింద వెలిసిపోలేదు. అరవై మీటర్ల పొడవున ఈత కొలను కూడా ఉంది. పాంపేయి వీధుల్లో గుంపుల వెనక గుంపుగా నడిచినప్పుడు కలగని దగ్గరితనం నాకు ఆ ఖాళీ గదుల్లో కలిగింది.

పాంపేయి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. 1938లో అక్కడి తవ్వకాల్లో ఒక దంతపు బొమ్మ దొరికింది. మెడలో హారాలు, చేతుల నిండా గాజులు, జడ వేసుకున్న స్త్రీ. మన దేశంలో చెక్కిన బొమ్మ. మొదట లక్ష్మి అన్నారు, తర్వాత యక్షి కావచ్చన్నారు. ఇప్పుడది నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. ఇటు మన నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. మిరియాలకీ, సన్నని బట్టకీ బంగారం ఇచ్చి ఓడలు తిరిగిన రోజులవి. ఆ చిన్న బొమ్మ ముందు నిలబడితే దూరదేశానికి ఒంటరిగా వచ్చానన్న బెరుకు నాలో చాలావరకు పోయింది.

ఫ్లోరెన్స్‌లో సమ్మె రోజు ఎదురైంది. ఇటలీలో రైలు సమ్మెలు మామూలే. వాటిని తిట్టుకునే పర్యాటకుల్ని చాలామందిని చూశాను. నేను తిట్టుకోను. అక్కడ సమ్మెకు ఒక పద్ధతుంది. 1990లో చేసిన చట్టం ప్రకారం సమ్మె ముందుగా ప్రకటించి తీరాలి. పనిరోజుల్లో పొద్దున 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా ప్రాంతీయ రైళ్ళు కొన్ని నడిపి తీరాలి. పనికి వెళ్ళేవాడు వెళ్ళగలగాలి, తిరిగి ఇల్లు చేరగలగాలి. కార్మికుడి హక్కునూ ప్రయాణికుడి అవసరాన్నీ ఒకే కాగితం మీద పెట్టి రాసిన చట్టం అది. నాకది న్యాయంగా తోచింది.

ఆ పగలంతా స్టేషన్ చుట్టుపక్కలే గడిపాను. స్టేషన్ పేరు సాంతా మరియా నొవెల్లా. ఎదురుగా ఉన్న చర్చిదే ఆ పేరు. ఆ చర్చిలో మసాచ్చియో 1427 ప్రాంతంలో వేసిన త్రిత్వం అనే కుడ్యచిత్రం ఉంది. చదునైన గోడ మీద లోతును లెక్కప్రకారం చూపించిన తొలి చిత్రాల్లో అదొకటి. ఒప్లొంతిస్ గోడలు చూసి వచ్చిన కళ్ళకు, ఎప్పుడో పోయిన విద్యను మళ్ళీ కనుక్కున్నట్టు అనిపించింది. పదహారో శతాబ్దంలో దాని ముందు ఒక బలిపీఠం కట్టి మూసేశారు. 1860లో గాని మళ్ళీ బయటపడలేదు. అదే ఊళ్ళో గోడల మీద అక్కడక్కడా తలకంటే ఎత్తున చిన్న ఫలకాలు కనిపిస్తాయి. 1966 నవంబర్ 4న ఆర్నో నది ఎంత ఎత్తున పారిందో చెప్పే గుర్తులవి. ఆ వరదలో జాతీయ గ్రంథాలయం పుస్తకాలు బురదలో మునిగాయి. ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్ళూ అమ్మాయిలూ వచ్చి, చేతికి చెయ్యి అందిస్తూ వాటిని పైకి తెచ్చారు. ఇటలీ వాళ్ళు ఆ పిల్లల్ని ఇప్పటికీ బురద దేవదూతలంటారు.

ఇక బొలోన్యా. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది దీని గురించే.

మనకు విజయవాడ ఎలాగో ఉత్తర ఇటలీకి బొలోన్యా అలాగ. అటు వెళ్ళేవీ ఇటు వచ్చేవీ చాలా రైళ్ళు దాన్ని దాటే పోవాలి. వేగ రైళ్ళకు 2013లో భూమి లోపల వేరే స్టేషన్ తెరిచారు. అక్కడి నుంచి పై ప్లాట్‌ఫారాలకు ఎక్కడమే పెద్ద నడక. పైన మళ్ళీ పడమటి విభాగం, తూర్పు విభాగం అని ఉన్నాయి. మూడో నంబరు ప్లాట్‌ఫారం వేరు, పడమటి మూడో నంబరు వేరు. నేనెక్కిన రైలు ఆలస్యంగా చేరింది. మెట్లన్నీ ఎక్కి, పడమటి వైపు పరుగెత్తి చేరేసరికి పార్మా వైపు వెళ్ళే బండి కదిలిపోయింది. తర్వాతి బండికి చాలా సమయం ఉంది. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం పక్కనున్న వెయిటింగ్ హాల్లోకి వెళ్ళి కూర్చున్నాను.

ఎదురుగా గోడ నిలువునా చీలి ఉంది. ఆ చీలికను పూడ్చలేదు. కింద నేలలో ఒక గుంత, దాన్నీ అలాగే ఉంచేశారు. పైన పాలరాతి ఫలకం మీద పేర్లు, ప్రతి పేరు పక్కన ఒక అంకె. ఆ అంకెలు వాళ్ళ వయసులు.

1980 ఆగస్టు 2. శనివారం. ఆగస్టులో ఇటలీ అంతా సెలవులకు బయల్దేరుతుంది. స్టేషన్ కిటకిటలాడుతోంది. పొద్దున 10 గంటల 25 నిమిషాలకు ఈ హాల్లో ఎవరో వదిలి వెళ్ళిన పెట్టెలో బాంబు పేలింది. కప్పు కూలింది. 85 మంది చనిపోయారు, 200 మందికి పైగా గాయపడ్డారు. గాయపడ్డవాళ్ళకు అంబులెన్సులు చాలక, చనిపోయినవాళ్ళను 37వ నంబరు సిటీ బస్సులో, కిటికీలకు తెల్ల దుప్పట్లు కట్టి తరలించారు. బయట గోడ మీది గడియారం ఇప్పటికీ 10:25 చూపిస్తుంది. బాంబు పెట్టింది నయా ఫాసిస్టు ముఠా అని ఏళ్ళ తరబడి సాగిన విచారణల్లో తేలింది, శిక్షలు పడ్డాయి.

ఫలకం మీద పేర్లన్నీ చదివాను. ఒక పేరు పక్కన 3 అని ఉంది. ఆ పాప తల్లితో పాటే పోయింది. ఇంకొకరు జపాన్ కుర్రాడు. ఇరవై ఏళ్ళ విద్యార్థి. ఇటలీ చూద్దామని వచ్చి, రైలు కోసం ఇక్కడ కూర్చున్నాడు. నేను కూర్చున్నదీ అందుకే. నా చుట్టూ పిల్లలు సాండ్‌విచ్‌లు తింటున్నారు, ఒకమ్మాయి ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటోంది. ఆ హాలును మ్యూజియం చేసి తాళం వేయలేదు. ఈ రోజుకీ ప్రయాణికులు కూర్చునే హాలుగానే ఉంచారు. ఆ నిర్ణయం చేసినవాళ్ళకు నేను మనసులో నమస్కారం పెట్టాను. చనిపోయినవాళ్ళు ప్రయాణికులు. వాళ్ళ పేర్లు ప్రయాణికుల మధ్యే ఉండాలి.

బొలోన్యాలో చూడదగ్గవి చాలా ఉన్నాయి. 1088 నాటిదని చెప్పుకునే విశ్వవిద్యాలయం ఉంది. వానకు తడవకుండా ఊరంతా తిరిగేలా కిలోమీటర్ల కొద్దీ వసారాలున్నాయి, వాటికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ రోజు నాకు అవేవీ చూడాలనిపించలేదు.

ఆ తర్వాతి ప్రాంతీయ రైల్లో ఎదుటి సీటులో తలపాగా ఉన్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. "బెహెన్‌జీ, ఇండియా నుంచా?" అని హిందీలో పలకరించాడు. పంజాబీ. రెజ్జో ఎమీలియా దగ్గర పశువుల కొట్టంలో పని. పో నది మైదానంలో పాడి పనుల్లో మనవాళ్ళు, ముఖ్యంగా సిక్కులు, ఎంతోమంది ఉన్నారు. నొవెల్లారా ఊళ్ళో 2000 నుంచి పెద్ద గురుద్వారా కూడా ఉంది. పార్మిజానో రెజ్జానో అనే పేరున్న జున్ను ఈ మైదానంలోనే తయారవుతుంది. చక్రంలాంటి ఒక్కో జున్ను దిమ్మెకు దాదాపు 550 లీటర్ల పాలు కావాలి. సాయంత్రం పాలూ మర్నాటి పొద్దుటి పాలూ కలిపి చేయాలి, కనీసం పన్నెండు నెలలు మాగాలి. "ఆవుకి ఆదివారం లేదు, పండగ లేదు" అన్నాడాయన. ఇటలీ గర్వంగా చెప్పుకునే రుచి వెనక పంజాబ్ చేతులున్నాయని ఏ పర్యాటకుల పుస్తకమూ నాకు చెప్పలేదు.

మిలాన్ సెంట్రల్ 1931లో ప్రారంభమైన బ్రహ్మాండమైన స్టేషన్. దాని అడుగున, పైకి కనిపించకుండా, సరుకు బోగీల్లో తపాలా సంచులెక్కించే చోటు ఉండేది. 1943 డిసెంబర్ నుంచి అక్కడే యూదుల్ని ఆ బోగీల్లోకి తోసి, బోగీలను లిఫ్టుతో పట్టాల మీదికెత్తి, ఆష్విట్జ్ వంటి నాజీ నిర్బంధ శిబిరాలకు పంపారు. ఊళ్ళోవాళ్ళు పైన మామూలు రైళ్ళెక్కుతూనే ఉన్నారు. 21వ నంబరు ప్లాట్‌ఫారం పేరుతో అది ఇప్పుడు స్మారకం. 1944 జనవరి 30న అక్కడి నుంచి వెళ్ళిన పదమూడేళ్ళ అమ్మాయి లిలియానా సేగ్రే బతికి తిరిగొచ్చింది. 2018లో జీవితకాల సెనేటర్ అయ్యింది. స్మారకం గుమ్మంలో గోడ మీద పెద్ద అక్షరాలతో ఒకటే మాట చెక్కి ఉంటుంది: పట్టనితనం. ఆ మాటే ఉండాలని కోరింది ఆమే.

వెనిస్‌కు వెళ్ళే మా రైలు చివరి దాకా పోకుండా మెస్త్రేలోనే నిలిచిపోయింది. మెస్త్రే నేల మీది ఊరు, అసలు వెనిస్ నీళ్ళ మీది ఊరు. రెంటినీ కలుపుతూ వంతెన. వంతెన మీదుగా పోయే ట్రామ్ దొరికింది. ట్రామ్‌లో ఉన్నది పర్యాటకులు కాదు. హోటళ్ళలో గదులు ఊడ్చేవాళ్ళు, వంటవాళ్ళు, నర్సులు. వెనిస్ దీవుల్లో 1950ల మొదట్లో లక్షా డెబ్భై వేలమందికి పైగా ఉండేవారు. 2022 నాటికి యాభై వేలకన్నా తగ్గిపోయారు. అద్దెలు భరించలేక మెస్త్రే చేరినవాళ్ళు రోజూ ఆ వంతెన దాటి, మనబోటివాళ్ళకు వెనిస్ చూపించడానికి వెళ్తారు. అంత అందమైన ఊరు తన పిల్లల్ని ఉంచుకోలేకపోవడం నాకు బాధ కలిగించింది. కాకతీయుల కాలంలో మోటుపల్లి రేవు గురించి, దాన్నేలే రాణి గురించి మెచ్చుకుంటూ చెప్పిన యాత్రికుడు మార్కో పోలోది ఈ ఊరే. ఆ రాణి మన రుద్రమదేవేనని చరిత్రకారుల మాట.

వెళ్ళాలనుకునేవాళ్ళకు, ముఖ్యంగా ఒంటరిగా బయల్దేరే ఆడవాళ్ళకు నాలుగు మాటలు. ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్ కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకోండి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది. వేగ రైలు టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది కాబట్టి రెండు రైళ్ళ మధ్య ఎక్కువ వ్యవధి పెట్టుకోండి. మీ రైలు గంట దాటి ఆలస్యమైతే టికెట్ ధరలో నాలుగో వంతు, రెండు గంటలు దాటితే సగం అడిగే హక్కు యూరప్ చట్టం మీకిచ్చింది, అడగండి. విమానం ఎక్కే రోజుకు ముందు రోజే ఆ ఊరు చేరుకోండి. రోమ్ వీధుల్లో రాత్రీ పగలూ పారే కుళాయిల నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు.

మరొక్క మనవి. బొలోన్యాలో రైలు మారాల్సి వస్తే ఒక గంట ఎక్కువ ఉండేలా చూసుకోండి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం పక్కనున్న ఆ వెయిటింగ్ హాలుకు వెళ్ళి, ఆ 85 పేర్లూ చదవండి. దానికి వేరే టికెట్ అక్కర్లేదు.